మన 14, 15 డిగ్రీల అక్షాంశం నుంచి డీప్ స్కై ఫోటోగ్రఫీ: ఏ వస్తువులను ఎంచుకోవాలి?

చిత్రావతి (అనంతపురం):

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో భౌతికశాస్త్రంలో పీజీ చదువుతున్నాను. ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరా, 200 మి.మీ. లెన్స్, ఆకాశపు కదలికతో పాటు కెమెరాను తిప్పే ఒక చిన్న ట్రాకర్ నా దగ్గర ఉన్నాయి. డీప్ స్కై చిత్రాలు, అంటే గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలు, నెబ్యులాలనే వాయు, ధూళి మేఘాల ఫోటోలు, తీయడం నేర్చుకోవాలని ఇంటర్నెట్‌లో దొరికిన పాఠాలు చాలా చదివాను గానీ, అవి ఎక్కువగా యూరప్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ ఉండేవారు రాసినవి. వారు మొదట తీయమని చెప్పే హార్ట్ నెబ్యులా, ఎం81 గెలాక్సీ వంటివి వారికి నడినెత్తి దగ్గరికి వస్తాయి. మనకు ఉత్తర దిక్కున సగం ఎత్తు కూడా ఎక్కవు. వారికి వేసవి రాత్రులు పొట్టివి, మనకు వేసవి చివరిలోనే మబ్బులు మొదలవుతాయి. ట్రాకర్‌ను సరిగా అమర్చడానికి కావలసిన ధ్రువ నక్షత్రం వారికి ఆకాశంలో బాగా పైన కనిపిస్తుంది, నాకు మా వీధి చివరి చెట్ల వెనక ఉంటుంది. ఇక్కడ ఉండి ఈ పని చేసేవారు ఏ వస్తువులను, ఏ నెలల్లో తీస్తున్నారు? చదువుతోనో ఉద్యోగంతోనో దీన్ని ఎలా కలుపుకుంటున్నారు? పెద్దలు వివరంగా చెప్పగలరని అడుగుతున్నాను.

హంద్రీతీరం (కర్నూలు):

చిత్రావతి గారూ, దక్షిణాకాశంలోని ఒక వస్తువు మనకు ఎంత ఎత్తుకు వస్తుందో తెలుసుకోవడానికి 90 నుంచి మన అక్షాంశాన్ని, ఆ వస్తువు దక్షిణ డెక్లినేషన్‌ను తీసివేస్తే చాలు. డెక్లినేషన్ అంటే ఆకాశంలో అక్షాంశం వంటి కొలత. అనంతపురం 14.7 డిగ్రీల దగ్గర ఉంది. ఒమేగా సెంటారీ గుళికా గుచ్ఛం డెక్లినేషన్ దక్షిణంగా 47.5 డిగ్రీలు. అంటే మీకు అది దాదాపు 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఢిల్లీలో 14 డిగ్రీలే, లండన్‌లో అసలు ఉదయించదు. సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో కోటి నక్షత్రాల వరకూ కలిగిన ఆ గుచ్ఛాన్ని మనం ఇంటి మిద్దె మీద నుంచి తీయగలుగుతుంటే, దాన్ని వదిలి ఉత్తరాన పొగమంచులో ఉన్న హార్ట్ నెబ్యులా వెంట పడడం నాకు సబబుగా తోచదు.

సెంటారస్ ఎ గెలాక్సీ మనకు 32 డిగ్రీలు, శిల్పి రాశిలోని ఎన్జీసీ 253 గెలాక్సీ 50 డిగ్రీలు, జ్యేష్ఠా నక్షత్రం పక్కనున్న రో ఓఫియూకై ధూళి మేఘాలు కూడా 50 డిగ్రీలు. మృగశిరకు దిగువనున్న ఒరాయన్ నెబ్యులా 70 డిగ్రీలు. ఉత్తరాకాశం కూడా మనకేమీ దూరం కాలేదు: కృత్తికలు దాదాపు నడినెత్తి మీదుగా పోతాయి, ఆండ్రోమెడా గెలాక్సీ ఉత్తరాన 63 డిగ్రీలకు వస్తుంది. రెండు అర్ధగోళాల ఆకాశాన్నీ ఇంత సమంగా చూడగల చోటు లోకంలో అందరికీ దొరకదు. దాన్ని సద్వినియోగం చేసుకోవడమే మన పనికి మూలం అని నేను గట్టిగా నమ్ముతాను.

కాలం విషయానికి వస్తే, ఈశాన్య రుతుపవనాలు తగ్గాక పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల అమావాస్యలు మనకు ప్రాణం. జూన్ నుంచి నవంబరు దాకా తెరిపి దొరికిన రాత్రి దొరికినట్టే. పాలపుంత కేంద్రం అర్ధరాత్రికి దక్షిణాన బాగా పైన ఉండే జూన్, జూలై నెలల్లో మబ్బులుంటాయి కనుక, దాన్ని మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామునే తీసుకోవాలి. మీ 200 మి.మీ. లెన్స్‌కు ఇందులో తగినది రో ఓఫియూకై ప్రాంతమే. ఏపీఎస్-సీ సెన్సర్‌తో సుమారు ఆరు డిగ్రీల వెడల్పు చట్రం వస్తుంది. అందులో జ్యేష్ఠ, ఎం4 గుచ్ఛం, నీలి, పసుపు ధూళి మేఘాలు అన్నీ ఇముడుతాయి. ఆ మేఘాలలో ఎక్కువ భాగం నక్షత్రాల కాంతిని ప్రతిఫలించేవి కనుక, ఎర్ర కాంతిని తగ్గించే లోపలి ఫిల్టర్ మార్పించని కెమెరా కూడా వాటిని బాగానే పట్టుకుంటుంది.

పెన్నేటిగట్టు (కడప):

హంద్రీతీరం గారు చెప్పినదాంతో ఏకీభవిస్తూనే, ఆయన వదిలేసిన కరీనా నెబ్యులాను నేను జాబితాలోకి తేవాలనుకుంటున్నాను. కడప నుంచి అది దాదాపు 16 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. తక్కువే, ఒప్పుకుంటాను. అయినా మార్చి మొదట్లో అర్ధరాత్రికి, ఏప్రిల్ మధ్యలో రాత్రి తొమ్మిదికి అది సరిగ్గా దక్షిణాన ఉంటుంది. ఒరాయన్ నెబ్యులా కంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఆ వాయుమేఘం యూరప్ వారికి ఎన్నడూ కనబడదు.

ఇక చోటు గురించి. గండికోట వద్ద లోయ అంచున తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల వెలుగు కనిపిస్తుంది. దక్షిణం ఇప్పటికీ కాస్త చీకటిగానే ఉంటుంది. పర్యాటకులు వచ్చే సెలవు రోజుల్లో మాత్రం వాహనాల లైట్లతో పని సాగదు. నల్లమలలోకి రాత్రిపూట వెళ్లాలని ఎవరూ అనుకోవద్దు. పులుల అభయారణ్యం గుండా పోయే రోడ్ల మీద రాత్రి రాకపోకలు నిషేధం. అందుకే నేను తెలిసిన రైతుల పొలాలనే ఎంచుకుంటాను. పగటిపూటే వెళ్లి రైతుతో మాట్లాడి, పక్క పొలం వారికీ చెప్పి ఉంచాలి. అడవి పందులు శనగ చేలలో పడకుండా కొందరు రాత్రి కంచె తీగలకు కరెంటు పెడతారు. అది చట్టవిరుద్ధమైనా జరుగుతూనే ఉంది, ప్రాణాలు పోతున్నాయి. చీకట్లో తెలియని గట్టు మీద నడవకండి. మోకాలి దాకా వచ్చే బూట్లు, ఎర్ర లైటుతో పాటు ఒక తెల్ల టార్చి తప్పనిసరి. రక్తపింజర బాట మీదే పడుకుని ఉంటుంది.

మౌంట్, అంటే టెలిస్కోపును మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే యంత్రం, కొనే రోజు వచ్చినప్పుడు మన అక్షాంశపు ఇబ్బంది ఒకటి గుర్తుంచుకోండి. ఈక్వటోరియల్ మౌంట్ ధ్రువ అక్షాన్ని మనం 14, 15 డిగ్రీలకే వంచుతాం కనుక అది దాదాపు అడ్డంగా పడుకుంటుంది, కౌంటర్‌వెయిట్ కడ్డీ కిందికి తిరిగి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ట్రైపాడ్‌కూ మౌంట్‌కూ మధ్య ఒక గొట్టం, అంటే పియర్ ఎక్స్‌టెన్షన్, పెట్టుకుంటే ఆ బెడద తప్పుతుంది. ధ్రువ నక్షత్రం కనబడకపోతే దిగులు పడవద్దు: ఆకాశంలో మూడు చోట్ల చిత్రాలు తీసి, వాటిలోని నక్షత్రాల స్థానాలను బట్టి అక్షం ఎంత తప్పిందో లెక్కకట్టే పద్ధతి నీనా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ట్రాకర్ వాడేవారికి నక్షత్రం ఎటు జరుగుతోందో చూసి అక్షాన్ని సరిచేసే పాతకాలపు డ్రిఫ్ట్ పద్ధతి ఉండనే ఉంది.

హంద్రీతీరం (కర్నూలు):

పెన్నేటిగట్టు గారూ, కరీనా విషయంలో నా అభిప్రాయం మారలేదు. 15 డిగ్రీల ఎత్తులో కాంతి నడినెత్తి మీద కంటే నాలుగు రెట్ల దాకా గాలిని దాటి రావాలి. ఏప్రిల్‌లో ఆ గాలిలో సిమెంటు, నాపరాళ్ల పరిశ్రమల దుమ్ము, కోత అయిన పొలాల్లో తగలబెట్టిన పొగ కలుస్తాయి. నీలి కాంతి ముందుగా పోతుంది, నక్షత్రాలు ఉబ్బుతాయి. కొత్తగా మొదలుపెట్టేవారు తమకున్న కొద్ది చీకటి గంటలను అక్కడ ఖర్చుపెట్టడం కంటే, 30 డిగ్రీలకు పైన ఉండే ఒక్క వస్తువు మీద పెట్టడం మేలు.

పెన్నేటిగట్టు (కడప):

దుమ్ము విషయం నిజమే. అందుకే కరీనాను, హైడ్రోజన్ వెలువరించే ఎర్ర కాంతిని మాత్రమే వదిలే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్‌తో తీస్తాను. 656.3 నానోమీటర్ల ఎర్ర కాంతి నీలి కాంతి అంతగా చెదరదు. వాన పడి గాలి కడిగినట్టయిన మరుసటి రాత్రి దొరికితే ఆక్సిజన్ ఫిల్టర్ కూడా వేస్తాను. ఇది మొదటి సంవత్సరం వారి కోసం కాదన్న మాటను మాత్రం అంగీకరిస్తున్నాను.

సీమబిడ్డ (సొంతూరు అనంతపురం జిల్లా, ఉద్యోగం బెంగళూరు):

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ అమావాస్య దగ్గరపడిన శుక్రవారాల్లో సామాను కారులో వేసుకుని ఊరికి వస్తుంటాను. ఈ పనిలో గెలుపు ఓటములను నిర్ణయించేది మొత్తం ఎక్స్‌పోజర్ సమయం. సంకేతానికీ నాయిస్‌కూ ఉన్న నిష్పత్తి సమయపు వర్గమూలం చొప్పున పెరుగుతుంది. చిత్రం రెండింతలు శుభ్రంగా కావాలంటే నాలుగింతల సమయం, మూడింతలు కావాలంటే తొమ్మిదింతల సమయం కావాలి. ఒక్క రాత్రిలో అయిదు వస్తువులు తీసినవారికి అయిదు బలహీనమైన చిత్రాలు మిగులుతాయి. అదే ఒకే గెలాక్సీ మీద ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకూ ప్రతి అమావాస్యకూ తిరిగి వచ్చేవారికి, దాని చుట్టూ ఉన్న పలుచని వెలుగు వలయాలు కూడా బయటపడతాయి. ఈ ఓర్పు అలవాటైనాక మిగిలిన పనులన్నీ నేర్చుకోదగినవే.

మన దగ్గర వేడి పెద్ద శత్రువు. సెన్సర్ ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ డార్క్ కరెంట్, అంటే కాంతి లేకపోయినా వేడి వల్ల సెన్సర్‌లో పుట్టే సంకేతం, రెట్టింపవుతుంది. ఏప్రిల్ రాత్రి గాలే 28 డిగ్రీలుంటే, చల్లబరిచే ఏర్పాటు లేని కెమెరా లోపల అంతకంటే వేడిగా ఉంటుంది. చిత్రావతి గారు డీఎస్ఎల్ఆర్‌తో తీసేటప్పుడు ఒక్కో చిత్రానికి ఒక నిమిషం మించకుండా, నడుమ కొన్ని సెకన్ల విరామం ఇస్తూ, ఆ రాత్రి ఉష్ణోగ్రతలోనే మూత పెట్టి డార్క్ చిత్రాలు కూడా తీసుకోవాలి. చల్లబరిచే ఖగోళ కెమెరాలు బయటి గాలి కంటే 35 డిగ్రీల వరకూ దిగువకు దించగలవు. సోనీ ఐఎంఎక్స్571 సెన్సర్ ఉన్న నా కెమెరాను వేసవిలో సున్నా డిగ్రీల దగ్గర నిలుపుతాను. ఇంకా దించాలని చూస్తే చల్లబరిచే యంత్రం పూర్తి శక్తితో పనిచేస్తూ బ్యాటరీని తాగేస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో వేడి బాధ ఉండదు గానీ లెన్స్ మీద మంచు కురుస్తుంది. అప్పుడు చుట్టూ హీటర్ పట్టీ కట్టాలి.

డబ్బు గురించి అడగడానికి అందరూ మొహమాటపడతారు కనుక నేనే చెబుతాను. పెట్టుబడిలో పెద్ద భాగం మౌంట్‌కు కేటాయించండి. భూభ్రమణం వల్ల నక్షత్రం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) జరుగుతుంది. ఆ కదలికను నిమిషాల తరబడి ఒకటి రెండు ఆర్క్ సెకన్ల లోపు తేడాతో అనుసరించే యంత్రం లేకపోతే ఎంత ఖరీదైన టెలిస్కోపైనా వృథా. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఖర్చు అక్కరలేదు: ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దే గైడింగ్‌కు పీహెచ్‌డీ2, చిత్రాలను కలిపి శుభ్రపరచడానికి సిరిల్, రెండూ ఉచితమే. ఈ పనితో జీవనోపాధి దొరుకుతుందని నేను చెప్పలేను. నాకు తెలిసినవారంతా ఉపాధ్యాయులో, ఇంజినీర్లో, వైద్యులో, దుకాణాలు నడిపేవారో. పగలు వేరే పని చేసుకునేవారే. ఇంట్లోవారి సమ్మతి కూడా పెట్టుబడిలో భాగమే. నెలలో ఏ రాత్రులు నావో ముందే చెప్పి, మిగతా రాత్రులు పూర్తిగా ఇంటివిగా ఉంచుకున్నాను.

ఆదోని పాఠకుడు (కర్నూలు జిల్లా):

నేను ఫోటోలు తీయను, చూసి ఆనందించేవాడిని. ఒక సందేహం చాలాకాలంగా ఉంది. ఈ చిత్రాలలో కనిపించే నీలి, బంగారు రంగులు నిజంగా అక్కడ ఉన్నాయా? టెలిస్కోపులో కన్ను పెట్టి చూస్తే బూడిద రంగు మచ్చ తప్ప ఏమీ కనబడదని ఒక మిత్రుడు అన్నాడు. అలాంటప్పుడు దీన్ని ఫోటో అనాలా, చిత్రలేఖనం అనాలా?

కందనవోలు మాస్టారు (కర్నూలు):

మీ మిత్రుడు చెప్పింది వాస్తవం, అయితే దాని కారణం మన కంటిలో ఉంది. మసక వెలుగులో పనిచేసే కంటి కణాలు రంగును గుర్తించలేవు. పైగా కన్ను కాంతిని గంటల తరబడి పోగుచేసుకోలేదు. కెమెరా ఆ రెండు పనులూ చేస్తుంది. హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల వద్ద ఎర్రగా, రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల వద్ద నీలి ఆకుపచ్చగా వెలుగుతాయి. ఆ కాంతి నిజం, దాని తరంగదైర్ఘ్యం కొలవదగినది. మీరు చూసిన నీలి, బంగారు రంగుల చిత్రాలు బహుశా హబుల్ పాలెట్ అనే అమరికలో చేసినవి. గంధకం, హైడ్రోజన్ రెండూ ఎరుపులోనే వెలుగుతాయి కనుక వాటిని విడదీసి చూపడానికి గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయిస్తారు. 1995లో హబుల్ టెలిస్కోపు తీసిన ఎం16 నెబ్యులాలోని స్తంభాల చిత్రంతో ఆ అమరిక లోకప్రసిద్ధమైంది. అది పటంలో ఎత్తుపల్లాలకు రంగులు వేయడం వంటిది. ఏ రంగు దేనికి వేశారో రాసి ఉన్నంత వరకూ అందులో మోసం లేదు. రాయకపోతే చూసేవారికి అన్యాయమే.

కంటికి అందనిదాన్ని చూపడానికే ఈ కళ పుట్టింది. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో ఒరాయన్ నెబ్యులాను ఫోటో తీశారు. 1888లో విలియమీనా ఫ్లెమింగ్ హార్వర్డ్ ఫోటో పలకను పరిశీలిస్తూ గుర్రపుతల నెబ్యులాను గుర్తించారు. అదే సంవత్సరం చివర ఐజాక్ రాబర్ట్స్ అనే వ్యాపారి, మనలాంటి ఔత్సాహికుడు, ఆండ్రోమెడాను దీర్ఘ ఎక్స్‌పోజర్‌తో తీసి దాని సర్పిలాకారాన్ని లోకానికి చూపారు. లక్షల మంది తీసిన ఆ ఆండ్రోమెడా పక్కనే ఇంకా ఎవరూ చూడని ఆక్సిజన్ వెలుగు చాపం ఒకటి ఉందని 2023లో ప్రకటించినది కూడా ఔత్సాహికులే: డ్రెక్స్‌లర్, స్ట్రాట్నర్, సాంటీ. వారి చిత్రం వెనక నూరు గంటలకు పైగా ఎక్స్‌పోజర్ ఉంది. సీమబిడ్డ చెప్పిన ఓర్పుకు ఇంతకంటే నిదర్శనం నాకు తెలియదు.

మన ప్రాంతానికి కూడా ఈ చరిత్రలో చోటుంది. హైదరాబాదులో 1901లో మొదలైన నిజామియా వేధశాల, అంతర్జాతీయ ఆకాశ ఫోటో పట్టికలో దక్షిణ డెక్లినేషన్ 17 నుంచి 23 డిగ్రీల వరకూ ఉన్న పట్టీని ఫోటో పలకలపై నమోదు చేసింది. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడే ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. ఆయన తన వేధశాల కోసం తమిళనాడులోని కావలూరును ఎంచుకున్నారు. అక్కడి 12.6 డిగ్రీల అక్షాంశం నుంచి ఉత్తర, దక్షిణ ఆకాశాలు రెండూ అందుతాయి. పైగా ఆస్ట్రేలియాకూ దక్షిణాఫ్రికాకూ నడుమనున్న రేఖాంశంలో పెద్ద దక్షిణాకాశ పరిశీలనా కేంద్రాలు లేని వెలితిని అది తీర్చింది. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపు 1986లో ప్రారంభమైంది. కడప పట్టణం కావలూరుకు ఇంచుమించు అదే రేఖాంశం మీద, నేరుగా ఉత్తరాన ఉంది. చిత్రావతీ, నీవు అడిగిన ప్రశ్ననే ఆయన ఒక వేధశాల స్థాయిలో అడిగి సమాధానం చెప్పారమ్మా.

చిత్రావతి (అనంతపురం):

మాస్టారూ, చాలా కృతజ్ఞతలు. అందరి సలహాలూ రాసుకున్నాను. ఈ ఏడాది మార్చి, ఏప్రిల్‌లలో రో ఓఫియూకై ఒక్కటే తీస్తాను. ఒక విషయం సూటిగా అడుగుతున్నాను: పొలాల్లో రాత్రంతా ఉండడానికి మా ఇంట్లో ఒప్పుకోరు, నాకూ ధైర్యం చాలదు. పట్టణంలో మిద్దె మీద నుంచి తీస్తే ప్రయోజనం ఉంటుందా?

పెన్నేటిగట్టు (కడప):

చెల్లెమ్మా, రో ఓఫియూకై వంటి ధూళి మేఘాలకు పట్టణపు వెలుగును తొలగించే ఫిల్టరేదీ సాయపడదు, ఎందుకంటే అవి అన్ని రంగుల కాంతినీ ప్రతిఫలిస్తాయి. వాటికి చీకటి ఊరే కావాలి. పల్లెలో బంధువుల మిద్దె ఉంటే అంతకు మించిన చోటు లేదు: చుట్టూ ఉన్న పిట్టగోడ గాలిని ఆపుతుంది, కరెంటు అందుబాటులో ఉంటుంది, ఇంట్లోవారు కిందనే ఉంటారు. వీధిలైటు ఒకటి అడ్డమైతే గోడ మీద దుప్పటి కట్టి నీడ చేసుకోవచ్చు. పట్టణపు మిద్దె మీద మాత్రం ఒరాయన్ నెబ్యులాను, ఒమేగా సెంటారీని అభ్యాసంగా తీయండి. రెండూ ప్రకాశవంతమైనవే. ఫోకస్, గైడింగ్, డార్క్ చిత్రాలు, దుమ్ము మచ్చలను సరిచేయడానికి సమానమైన వెలుగులో తీసే ఫ్లాట్ చిత్రాలు తీయడం అన్నీ అక్కడే చేతికి అలవాటు కావాలి.

హంద్రీతీరం (కర్నూలు):

మిద్దెల మాట వచ్చింది కనుక నా ప్రతిపాదన ఒకటి ముందుంచుతున్నాను. టెలిస్కోపులున్న మనం ముగ్గురం, అంటే నేను, పెన్నేటిగట్టు గారు, సీమబిడ్డ గారు, ఈ సీజన్‌లో సెంటారస్ ఎ ఒక్కదాన్నే తీసి డేటాను కలుపుదాం. సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, నడుమ నల్లని ధూళి పట్టీతో ఉన్న ఆ గెలాక్సీ ఫిబ్రవరి మధ్యలో తెల్లవారుజామున నాలుగుకు, ఏప్రిల్ మధ్యలో అర్ధరాత్రికి, మే మధ్యలో రాత్రి పదికి దక్షిణాన ఉంటుంది. 20 డిగ్రీలకు పైన మనకు రాత్రికి దాదాపు అయిదున్నర గంటలు దొరుకుతుంది. ఒకరికి మబ్బు పడితే ఇంకొకరికి తెరిపి ఉండవచ్చు. చట్రం మధ్య బిందువు రైట్ అసెన్షన్ (ఆకాశంలో రేఖాంశం వంటి కొలత) 13 గంటల 25 నిమిషాలు, డెక్లినేషన్ దక్షిణంగా 43 డిగ్రీలు. ఉత్తరం పై వైపు. ఎవరి కెమెరాకు తగ్గ ఎక్స్‌పోజర్ వారిది.

సీమబిడ్డ (సొంతూరు అనంతపురం జిల్లా, ఉద్యోగం బెంగళూరు):

నేను సిద్ధం. ఒక నియమం పెట్టుకుందాం: డార్క్, ఫ్లాట్ సవరణలు ఎవరివి వారే తమ వద్ద పూర్తిచేసి, స్ట్రెచ్ చేయని, అంటే మసక భాగాలను ఇంకా వెలిగించని, ఖగోళ డేటా దాచే ఫిట్స్ ఫైళ్లనే పంపాలి. మన దుమ్ముకు సెన్సర్ ముందు గాజు మీద మచ్చలు రాత్రి రాత్రికీ మారుతుంటాయి కనుక, పాత ఫ్లాట్‌లు వాడకుండా కెమెరాను విప్పకముందే తెల్లవారుజాము వెలుగులో కొత్తవి తీసుకోవాలి. కృత్రిమ మేధతో పదునుపెట్టే పరికరాలను డేటా కలిపిన తరువాతే, అదీ మాస్టారు చూసి సరేనన్నాకే వాడదాం. లేని వివరాలు ధూళి పట్టీలోకి వచ్చి చేరకూడదు. చిత్రావతి గారు సిరిల్‌లో కలిపే పనిని మాతోపాటు నేర్చుకుంటానంటే ఫైళ్లన్నీ ఆమెకు కూడా పంపుతాను.

చిత్రావతి (అనంతపురం):

తప్పకుండా పంపండి అన్నా. నా కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది, బయటి డిస్క్ ఒకటి సిద్ధం చేసుకుంటాను. ముగ్గురి ఇమేజ్ స్కేల్, అంటే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో చూపే మేర, వేరువేరుగా ఉంటుంది కనుక, ఎవరి ఫోకల్ లెంగ్త్ ఎంతో, పిక్సెల్ పరిమాణం ఎంతో ముందుగా ఇక్కడ రాస్తే, ఏ చట్రాన్ని ఆధారంగా తీసుకోవాలో లెక్కవేసి చెబుతాను.

పెన్నేటిగట్టు (కడప):

నాది 530 మి.మీ. ఫోకల్ లెంగ్త్, 3.76 మైక్రాన్ల పిక్సెల్. పిక్సెల్‌కు 1.46 ఆర్క్ సెకన్లు వస్తుంది. మాఘ అమావాస్య నుంచి మొదలుపెడతాను.